తుప్పు పట్టే బ్యాటరీలే గ్రిడ్‌కు ఎందుకు కావాలి? అపోహలు – వాస్తవాలు

గ్రిడ్ స్థాయి బ్యాటరీల మీద, అంటే విద్యుత్ సరఫరా వ్యవస్థ కోసం కరెంటును దాచే పెద్ద బ్యాటరీల మీద పనిచేస్తున్నాను. ఆ మాట చెప్పగానే చాలామంది ఫోను బ్యాటరీని ఊహించుకుంటారు. నా ఉద్దేశంలో సగం అపోహలు అక్కడే పుడుతున్నాయి. ఫోనుకు బరువు ముఖ్యం. గ్రిడ్ బ్యాటరీ వేసినచోటే ఉంటుంది. దాని విషయంలో చూడాల్సింది ఒక్కో యూనిట్‌ను దాచడానికి ఎంత పెట్టుబడి కావాలన్నదే.

అపోహ: లిథియం ధరలు పడిపోతున్నాయి, ఇంకో రకం అనవసరం.

వాస్తవం: మధ్యాహ్నపు సౌర విద్యుత్తును రాత్రికి అందించాలంటే నేనూ లిథియమే పెట్టమంటాను. చిక్కల్లా రోజుల తరబడి మబ్బు పట్టి, గాలి కూడా పడిపోయినప్పుడే. నాలుగు గంటల నిల్వను వంద గంటలకు పెంచాలంటే 25 రెట్లు సెల్స్ కొనాలి. వాటిలో చాలా భాగం ఏడాదిలో కొన్నిసార్లే పనిలోకి వస్తుంది. ఆ పెట్టుబడి ఎప్పటికి తిరిగి రావాలి?

అపోహ: తుప్పు పట్టిందంటే బ్యాటరీ పాడైనట్టే.

వాస్తవం: ఐరన్-ఎయిర్ బ్యాటరీ నడిచేదే తుప్పు మీద. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారుతూ కరెంటు ఇస్తుంది. చార్జింగ్‌లో ఆ తుప్పు తిరిగి ఇనుమవుతుంది. ఇనుము చవక, కావలసినంత దొరుకుతుంది. లోపలి ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్, క్షారం కలిపిన నీరు కాబట్టి దానికి నిప్పంటుకోదు.

అసలు కష్టం మరోచోట ఉంది. చార్జింగ్ చేస్తున్నప్పుడు ఇనుప ఎలక్ట్రోడ్ మీద నుంచి సన్నటి బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్. తుప్పును ఇనుముగా మార్చాల్సిన కరెంటులో కొంత నీటిని విడగొట్టడానికి ఖర్చయిపోతోందన్నమాట. ఎలక్ట్రోలైట్‌లో కొద్దిగా సల్ఫైడ్ కలిపితే బుడగలు తగ్గుతాయి. ఎంత కలపాలి, ఎన్ని చార్జింగ్‌ల వరకు దాని ప్రభావం నిలుస్తుంది అన్నదాని మీదే మా శ్రమంతా. 1970లలో విద్యుత్ వాహనాల కోసం ఈ బ్యాటరీని ప్రయత్నించారు. బండికి అది బరువెక్కువ. నేల మీద ఉండే నిల్వకు ఆ బరువు అడ్డే కాదు.

అపోహ: పెట్టిన కరెంటులో సగం కూడా తిరిగి రాని బ్యాటరీ దండగ.

వాస్తవం: ఈ అభ్యంతరంలో నిజం ఉంది, అందుకే లెక్క వేసి చూడాలి. నూటికి నలభై వంతులే తిరిగి వస్తుందనుకుందాం. ఒక యూనిట్ కోసం రెండున్నర యూనిట్లు పోయాలి. రోజూ ఇలా చేస్తే కచ్చితంగా నష్టమే, అలా వాడమని నేను ఎవరికీ చెప్పను. కానీ గ్రిడ్ తీసుకోలేక సౌర కేంద్రాల ఉత్పత్తిని తగ్గించే వేళల్లో ఆ కరెంటుకు ధర దాదాపు ఉండదు. అప్పుడు నింపి, ఏడాదికి ఏ పదిసార్లో ఖాళీ చేసే బ్యాటరీలో పోయిన కరెంటు విలువ స్వల్పం, బ్యాటరీ ధరే అసలు ఖర్చు. అమెరికాలోని మిన్నెసోటాలో చేపట్టిన ఐరన్-ఎయిర్ ప్రాజెక్టును 1.5 మెగావాట్లు 100 గంటల పాటు, అంటే లక్షన్నర యూనిట్లు ఇచ్చేలా రూపొందించింది ఈ లెక్కతోనే.

అపోహ: మనకు కొండలు, జలాశయాలు ఉన్నాయి, పంప్డ్ స్టోరేజీ చాలు.

వాస్తవం: కరెంటు మిగిలినప్పుడు నీటిని పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ చాలా మంచి నిల్వ. 1,680 మెగావాట్ల పిన్నాపురం ప్రాజెక్టు మన రాయలసీమలోనే ఉంది. అయితే పై జలాశయం నిండుగా ఉన్నా పూర్తి సామర్థ్యంతో నడిస్తే అది ఇచ్చేది సుమారు ఆరు గంటలే. సాయంత్రపు గిరాకీకి అది సరిపోతుంది, వరుసగా నాలుగు మబ్బు రోజులకు సరిపోదు.

అపోహ: ఫ్లో బ్యాటరీలో ట్యాంకు పెంచితే చాలు, నిల్వ చవకవుతుంది.

వాస్తవం: ఫ్లో బ్యాటరీలో కరెంటును దాచేది ట్యాంకుల్లోని ద్రవమే. ట్యాంకు చవకే. అందులో నింపే ద్రవంలోని వనేడియం అనే లోహమే ఖరీదు. ఇనుప లవణాలతో ఫ్లో బ్యాటరీలు చేయాలని చూస్తున్నది అందుకే. అక్కడా ఎదురయ్యేది ఆ హైడ్రోజన్ బుడగలే.