ప్లగిన్‌తో పాటే మూతపడిన పుటలు

పాత పుస్తకాల స్కాన్లు ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో తెలుగు పుస్తకాలు చదివినవాళ్లకు ఆ తిప్పలు గుర్తుండే ఉంటాయి. పుట సంఖ్య నొక్కితే ఒక్క పుట తెరుచుకునేది, అది చదివాక మళ్లీ ఇంకో నొక్కు. పుటలు టిఫ్ అనే రకం బొమ్మ ఫైళ్లు. చాలా బ్రౌజర్లు టిఫ్‌ను సొంతంగా చూపించలేవు కాబట్టి ముందు ప్లగిన్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ ముక్కను బ్రౌజర్‌కు తగిలించుకోవాలి. ఇక పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో ఉండేవి, సున్నాకు బదులు ఎన్ అక్షరం, పక్కన అపాస్ట్రఫీ. ‘ఆంధ్ర’ అని తెలుగులో వెతికితే ఏమీ దొరికేది కాదు. పుస్తకం అక్కడే ఉన్నా పాఠకుడికి లేనట్టే.

ఆ పోర్టల్ వెనుక సంకల్పం మాత్రం చాలా పెద్దది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలన్న మిలియన్ బుక్ ప్రాజెక్టును నడిపించారు. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీ దాన్ని సమన్వయం చేసింది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పెద్ద స్కానింగ్ కేంద్రం నడిచింది. భారత్, చైనా, ఈజిప్టు కలిసి 2007 నాటికి 15 లక్షల పుస్తకాలు దాటించాయి. ఎక్కువ భాగం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), ప్రతి పిక్సెల్ అయితే నలుపు లేకపోతే తెలుపుగా ఉండే పద్ధతిలో తీశారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర అంగుళాల వెడల్పు ఉన్న పుట కుదించక ముందు నలుపు తెలుపులో 2.1 ఎంబీ, రంగుల్లో 50 ఎంబీ. అప్పటి డిస్కుల ధరకు రంగులు పెట్టుకోవడం కుదిరే పని కాదు. ఆ నిర్ణయానికి మూల్యం తెలుగు లిపి చెల్లించింది. పాత అచ్చులో అరసున్న సన్నని గీత. కాగితం పసుపెక్కినచోట నలుపు తెలుపుల హద్దు కొంచెం అటైతే అరసున్న మాయమవుతుంది, ఇటైతే నిండుసున్న లోపలి ఖాళీ పూడిపోతుంది, ఒత్తులు ముద్దవుతాయి. ఆ స్కాన్‌లో పోయిన అరసున్నను ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా తిరిగి తేలేదు. మళ్లీ స్కాన్ చేద్దామంటే కొన్ని ప్రతులు శిథిలమయ్యాయి.

2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ప్లగిన్లను తీసేశాయి. 2017 నాటికి పోర్టలే మూతపడింది. అయితే అంతలోపే స్వచ్ఛంద కార్యకర్తలు 4 లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చారు. అక్కడి వ్యూయర్ వేరు, చూపే తీరు వేరు, బొమ్మలు మాత్రం పాతవే. తెలుగు వికీసోర్స్‌లో ఎన్నో పుస్తకాలు ఆ స్కాన్ల మీదే టైపవుతున్నాయి. పాత పోర్టల్ నుంచి బతికి బయటపడినవి బొమ్మా, వివరమూ. చూపించే యంత్రాంగం పోయింది.

డబ్బున్న సంస్థలకూ ఇది తప్పలేదు. వేలితో పేజీ తిప్పినట్టు ప్రాచీన గ్రంథాలు చూపించిన బ్రిటిష్ లైబ్రరీ ‘టర్నింగ్ ద పేజెస్’ 2007లో లియొనార్డో నోటుపుస్తకాలతో విండోస్ విస్టా కోసం కొత్త రూపంలో వచ్చింది. ఆ విస్టా ఇప్పుడెక్కడుంది? 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అనే ప్లగిన్‌కు మద్దతు ఆగిపోయాక, దానితో కట్టిన మ్యూజియం సైట్లు చీకటైపోయాయి. పేజీ తిప్పే చప్పుడు మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు ఫైల్ ఫార్మాట్ మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఈ అనుభవంతోనే 2011లో కొన్ని పెద్ద గ్రంథాలయాలు కూడి ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ఉమ్మడి పద్ధతికి పునాది వేశాయి. బొమ్మ ఇచ్చే సర్వర్ వేరు, చూపే వ్యూయర్ వేరు. బొమ్మలో ఏ భాగం, ఎంత పరిమాణం, ఎటు తిప్పి అన్నది వెబ్ చిరునామాలోనే రాస్తారు. పుటల వరుస, శీర్షికలు మ్యానిఫెస్ట్ అనే ఫైల్‌లో ఉంటాయి. ఇప్పుడున్న మిరడార్ అనే వ్యూయర్ పోయి రేపు ఇంకొకటి వచ్చినా ఈ రెండూ కదలవు.

తాళపత్రం దగ్గర దీని అవసరం బాగా తెలుస్తుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పున్న ఆకు 600 డీపీఐలో దాదాపు 9450 పిక్సెళ్ల పొడవు, 945 ఎత్తు. ఫోన్ తెర 1080 పిక్సెళ్ల వెడల్పు అనుకుంటే, ఆకు మొత్తాన్ని అందులో ఇరికిస్తే ఎత్తు 108 పిక్సెళ్లే. ఆరేడు పంక్తులున్న ఆకులో ఒక్క అక్షరం చదవలేం. అందుకే ఆకును ఎడమ కొసన, ఎత్తుకు సరిపెట్టి తెరవాలి, చదువుతూ పక్కకు జరపాలి. వ్యూయర్‌లో ఈ సెట్టింగ్ మార్చకుండా వదిలేసే సైట్లున్నాయి. తెర మీద కనిపించే ముక్క మాత్రమే దిగేలా బొమ్మను 512 పిక్సెళ్ల పలకలుగా కోస్తే పూర్తి పరిమాణంలో 38 పలకలు, 256 అయితే 148. నెట్ నెమ్మదిగా ఉన్నచోట పెద్ద పలకే మేలు. ఆకు అంకె సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది కాబట్టి మ్యానిఫెస్ట్‌లో ‘12 ముందు, 12 వెనుక’ అని రాయాలి. బొమ్మ 23, బొమ్మ 24 అని వదిలేస్తే పాఠాన్ని ఉటంకించడం కుదరదు. బయటి సైట్లకు అనుమతినిచ్చే హెడర్ సర్వర్‌లో పెట్టడం మరిచిపోతే ఇతరుల వ్యూయర్‌లో ఖాళీ తెర వస్తుంది. ఫిర్యాదేమో వ్యూయర్ మీదికి పోతుంది. మళ్లీ స్కాన్ చేసిన బొమ్మను పాతదాని స్థానంలో, మ్యానిఫెస్ట్‌లోని కొలతలు చూసుకోకుండా పెడితే, అక్షరాల మీద గుర్తులు పెట్టుకున్న గళ్లన్నీ పక్కకు జరుగుతాయి.

అమరావతి స్తూపం సంగతి ఇంకా బాధాకరం. శిల్పాలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో, కొన్ని అమరావతిలో. 1816 నుంచి సర్వేయర్ కోలిన్ మెకంజీ బృందం గీసిన చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో. రాయి ఒకచోటికి ఎప్పుడు చేరుతుందో గానీ బొమ్మలు ఒకే తెర మీద పక్కపక్కన చేరడానికి అడ్డేమీ లేదు. అన్ని సంస్థలూ ఒకే పద్ధతిలో ఇస్తే చాలు.

2023 అక్టోబరులో సైబర్ దాడికి బ్రిటిష్ లైబ్రరీ ప్రాచీన ప్రతుల సైట్ కూడా ఆగిపోయింది, నెలల తరబడి పరిశోధకులకు అందలేదు. అంటే పద్ధతి మంచిదైనా ఒక్కచోటే ఉంచితే చాలదు. మన చిన్న గ్రంథాలయాలకు ప్రత్యేక బొమ్మల సర్వర్ అక్కర్లేని దారి కూడా ఉంది. పలకలన్నీ ముందే కోసి మామూలు ఫైళ్లలా పెట్టుకోవచ్చు. పై కొలతల ఆకుకు ఒక పక్కకు చిన్నా పెద్దా పరిమాణాల అంచెలన్నీ కలిపి 59 ఫైళ్లు, 200 ఆకుల గ్రంథానికి 23,600. కాపీ చేయడానికి చాలాసేపు పడుతుంది, కోరిన పంక్తిని మాత్రమే కత్తిరించి లింకు ఇవ్వడం కుదరదు. కానీ ఏ హార్డ్ డిస్కులోనైనా పడి ఉంటాయి, ఎక్కడ పెడితే అక్కడ తెరుచుకుంటాయి. సైట్ కట్టేవాళ్లతో ఒప్పందం రాసేటప్పుడు అసలు రంగుల టిఫ్‌లు, మ్యానిఫెస్ట్‌లు, తెలుగు లిపిలో శీర్షికల పట్టిక గ్రంథాలయానికే అప్పగించాలన్న షరతు చేర్చి, అవి చేతికొచ్చి తెరిచి చూశాకే చివరి వాయిదా డబ్బు ఇవ్వాలి.