బుక్‌మార్క్‌తో పుస్తక ప్రచారం: అపోహలు - వాస్తవాలు

పుస్తకాలకు కవర్లు, వాటితోపాటు బుక్‌మార్కులు డిజైన్ చేయడం నా పని. రచయితల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: బుక్‌మార్కులు పంచితే పుస్తకాలు అమ్ముడుపోతాయి.

వాస్తవం: చేతిలో పెట్టగానే ఎవరూ కొనరు. ఇంకెవరిదో పుస్తకం చదువుకుంటున్న మనిషికి, పేజీ తెరిచినప్పుడల్లా మీ పుస్తకం పేరు కనబడుతుంది. అది చేసే పని అంతే. కాబట్టి ముందు అది పేజీ గుర్తుగా పనికిరావాలి, ప్రచారం సంగతి తర్వాత. దారినపోయేవాళ్లకు పంచడం దండగ. పుస్తకాల షాపు కౌంటర్ మీద, లైబ్రరీలో పెట్టండి. ఆవిష్కరణ సభలో కుర్చీకొకటి పెడితే చాలావరకు కుర్చీల కిందే మిగులుతాయి.

అపోహ: రెండు వైపులా జాగా ఉంది కదా, అన్నీ వేసేద్దాం.

వాస్తవం: ఉన్నదే 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు. నాకొచ్చే మేటర్‌లో మాత్రం కవర్ బొమ్మ, రచయిత ఫొటో, పరిచయం, పెద్దల అభిప్రాయాలు, అవార్డుల జాబితా! కవర్ మొత్తాన్ని కుదిస్తే టైటిల్ కూడా చదవలేం. అందులోంచి ఒక్క ముక్క తీసుకుని పెద్దది చేయండి. పుస్తకం పేరు, రచయిత పేరు పై కొసకు రావాలి, పుస్తకంలో పెట్టాక బయటికి కనిపించేది అదే. వెనకవైపు పుస్తకంలోంచి ఒక మంచి వాక్యం, క్యూఆర్ కోడ్ చాలు. కోడ్ 2 సెంటీమీటర్లకు తగ్గకూడదు, చుట్టూ ఖాళీ వదలాలి, లేత రంగు మీద ముదురు రంగులో ఉండాలి. ఆవిష్కరణ తేదీ వేయకండి. మర్నాటికే మిగిలిన కట్టలన్నీ పాతబడిపోతాయి.

అపోహ: ఈ-బుక్‌కి బుక్‌మార్క్ ఎందుకు?

వాస్తవం: చేతికివ్వడానికి ఇంకేముంది? అసలు అవసరం దానికే.

అపోహ: ఎంత మందంగా, ఎంత మెరుస్తూ ఉంటే అంత గొప్ప.

వాస్తవం: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కార్డు సరిపోతుంది. లోహపు బిళ్లలు, లావు కుచ్చులు పేజీల మీద నొక్కుకుపోయి గుర్తులు పడతాయి. గ్లాసీ లామినేషన్ (మెరిసే ప్లాస్టిక్ పొర) మీద మామూలు పెన్ను పడదు, సంతకం అడిగితే ఇబ్బంది. నా ఓటు లామినేషన్ లేని కార్డుకే.

అపోహ: విడిగా ప్రింట్ చేయించాలి, ఖర్చు.

వాస్తవం: కవర్ షీటులో కోతకు పోయే జాగా మిగిలితే బుక్‌మార్కులు అందులోనే ఇరికించవచ్చు. ప్రింటింగ్ ప్లేట్లు చేయకముందే ప్రెస్ వాళ్లను అడగండి. కవర్‌తోపాటే ఒకవైపు లామినేషన్ పడుతుంది కాబట్టి కాస్త వంగొచ్చు. ఇలా చేస్తే వెనకవైపు వాక్యం, కోడ్ రావు, తెల్లగా, సంతకానికి వీలుగా ఉంటుంది.