ఒకటిన్నర రెక్కల బ్రెగే

"ఒక్క రెక్కతోనే విమానం లేస్తున్నప్పుడు, రెండు రెక్కలుంటే రెట్టింపు బరువు మోయాలి కదా?" అని ఇంటర్ చదివే అమ్మాయి ఉత్తరం రాసింది. చక్కటి ప్రశ్న.

పొలంలో పక్కపక్కనే రెండు బోర్లు వేసిన రైతుకు దీని జవాబు తెలుసు. రెండో బోరు నీళ్లను రెట్టింపు చేయదు, మొదటిదాని నీళ్లలోనే వాటా గుంజుకుంటుంది. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలుండే విమానం, అంటే బైప్లేన్‌లోనూ అంతే. రెక్క వీపు మీద గాలి పీడనం తగ్గుతుంది, అడుగున పెరుగుతుంది. (పైన పోయే గాలి, కింద పోయే గాలి ఒకేసారి చివర కలుసుకోవాలని ఇప్పటికీ కొన్ని తరగతుల్లో చెబుతున్నారు. అలాంటి నియమమేదీ లేదు, దయచేసి మానేయండి.) రెండు రెక్కలు పెడితే పైదాని అడుగున పెరిగే పీడనం, కిందిదాని వీపున తగ్గే పీడనం ఒకే సందులో ఎదురుపడి, ఒకదాన్నొకటి కొంత చెరుపుకుంటాయి. ఎక్కువ నష్టం కింది రెక్కకే.

బోర్లను దూరం జరిపినట్టు రెక్కలనూ జరపవచ్చు. కానీ మధ్యలోని స్తంభాలు, బిగింపు తీగలు పొడవవుతాయి. గాలికి కరెంటు తీగ ఝుమ్మనడం విన్నారా? దాని వెనక సుడులు ఒకసారి పైన, ఒకసారి కింద విడివడుతుంటాయి. అందుకే గుండ్రటి తీగ, తనకు దాదాపు పది రెట్లు మందమున్న చేపాకారపు బద్దతో సమానంగా గాలిని అడ్డుకుంటుంది!

1922లో తొలిసారి ఎగిరిన ఫ్రెంచి సైనిక విమానం బ్రెగే 19లో నాకు నచ్చిన తెలివి ఇక్కడే ఉంది. ఎలాగూ తక్కువ నీళ్లిచ్చే రెండో బోరును చిన్నదిగానే వేశారు. కింది రెక్క పొడవు, వెడల్పు రెండూ తగ్గించారు. పై రెక్కకు దన్నుగా నిలబడటమే దాని ముఖ్యమైన పని. ఒక్కో వైపు ఒక్కటే స్తంభం, కాబట్టి తీగలూ తక్కువే. పైగా నిఘాకు వెళ్లినవారికి కింద నేల బాగా కనబడేది. ఈ అమరికకు సెస్క్విప్లేన్ అని పేరు, అంటే ఒకటిన్నర రెక్కలది. అస్థిపంజరం చాలావరకు డ్యూరాల్యూమిన్. రాగి కలిపిన ఈ అల్యూమినియాన్ని కాల్చి నీళ్లలో ముంచితే మెత్తగా ఉండి, రోజులు గడిచేకొద్దీ తనంతట తానే గట్టిపడుతుంది.

దీని మార్పు రూపంలోనే 1930 సెప్టెంబరు 1న ఫ్రెంచి వైమానికులు కోస్త్, బెలోంత్ పారిస్ నుంచి న్యూయార్క్ బయలుదేరారు. అట్లాంటిక్ మీద గాలులు ఎక్కువగా పడమర నుంచే వీస్తాయి. 1927లో ఇదే దారి పట్టిన మరో ఇద్దరు ఫ్రెంచి వైమానికులు నుంజెసెర్, కోలీ తిరిగి కనబడలేదు. వీరు మాత్రం ఆ ఎదురుగాలుల దారిలోనే 37 గంటలకు పైగా ఎక్కడా ఆగకుండా ఎగిరి దిగారు. ఆ ఎర్ర విమానం పక్కభాగం మీద తెల్లటి ప్రశ్నార్థకం ఉంటుంది, దాని పేరూ అదే. పారిస్ దగ్గరి లె బూర్జే మ్యూజియంలో ఉంది. వెళితే ముందు కింది రెక్కను చూడండి.