టీడీఎస్ మీటరుకు కనిపించని నీళ్లు

శివారు కాలనీలోకి కొత్తగా మారిన వాళ్లు మొదట చెప్పుకునే బాధ నీళ్ల గురించే. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్ల పొర కడుతుంది, గీజర్ కాయిల్ తొందరగా పోతుంది, జుట్టు బిరుసెక్కుతుంది. ఎవరో ఒకరు టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) చూపే మీటరు తెచ్చి గ్లాసులో ముంచుతారు. అంకె పెద్దగా కనిపిస్తే అందరికీ టెన్షన్, చిన్నగా కనిపిస్తే నిశ్చింత. ఆ భయమూ, ఆ నిశ్చింతా రెండూ తప్పు కావచ్చు. నీళ్లు గట్టివా కావా అన్న సంగతిని, తాగడానికి పనికొస్తాయా లేదా అన్న సంగతిని మనం కలిపేసుకుంటున్నాం. అందువల్ల అసలు చూడాల్సినవి చూడకుండా వదిలేస్తున్నామని నా ఆందోళన.

నీళ్ల గట్టిదనాన్నే కాఠిన్యం అంటారు. అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. వాన నీళ్లలో ఇవి దాదాపు ఉండవు. ఆ నీళ్లు నేలలోకి ఇంకుతూ, వేర్లూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలచని ఆమ్లంగా మారతాయి. కిందున్న రాతిని, ముఖ్యంగా సున్నపురాయిని, ఆ ఆమ్లం కొద్దికొద్దిగా కరిగిస్తుంది. రాతిని ఆనుకుని ఎక్కువ కాలం ఉన్న నీళ్లలో ఖనిజాలు ఎక్కువ చేరతాయి. నది నీళ్ల కన్నా బోరు నీళ్లు మామూలుగా గట్టిగా ఉండేది అందుకే. పైపులైను చిట్టచివర ఉండే శివారుకు నది నీళ్లు చాలకపోతే బోరు నీళ్లు కలుపుతారు. ఆ కలిపే పాళ్లు రోజుకో రకంగా ఉంటే, అదే కుళాయిలో ఒకరోజు నురగ బాగా వస్తుంది, ఇంకోరోజు రాదు. ఒక్కసారి కొలిచి ‘మా నీళ్లు ఇంతే’ అనుకోవడానికి వీల్లేదు.

కాఠిన్యాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ విభజన ప్రకారం 60 వరకు మృదువైనవి, 120 వరకు ఓ మోస్తరు, 180 వరకు గట్టివి, ఆపైన చాలా గట్టివి. ల్యాబ్ రిపోర్టులో కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా ఇస్తే లెక్క మనమే వేసుకోవచ్చు. కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో గుణించి కలపాలి. లీటరులో కాల్షియం 80, మెగ్నీషియం 30 మిల్లీగ్రాములు ఉంటే కాఠిన్యం 323 అవుతుంది. ఇప్పుడు ల్యాబ్‌లో ఈడీటీఏ అనే ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ, ముదురు ఎరుపు రంగు నీలంగా మారే చోట ఆగి కొలుస్తారు. అంతకుముందు సబ్బు ద్రావణమే కొలబద్ద. నురగ నిలిచేదాకా ఎంత సబ్బు పట్టిందో చూసేవారు. ఆ పద్ధతికి రూపమిచ్చిన స్కాట్లండ్ రసాయనవేత్త థామస్ క్లార్క్, 1841లో నీళ్లను మెత్తబరచడానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడింది సున్నమే! తగిన పాళ్లలో సున్నం కలిపితే, కరిగి ఉన్న కాల్షియం కూడా కార్బొనేట్‌గా మారి అడుగుకు దిగిపోతుంది. పెద్ద నీటి శుద్ధి కేంద్రాలు కొన్ని ఇప్పటికీ ఈ పద్ధతి వాడుతున్నాయి.

కాఠిన్యంలో రెండు రకాలున్నాయి. బైకార్బొనేట్ రూపంలో ఉన్నది మరిగిస్తే పోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆవిరితో పాటు బయటికి వెళ్లిపోతుంది, కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది. గీజర్ కాయిల్ మీద గట్టిపడేది ఇదే. చాలా పదార్థాలు వేడి నీళ్లలో ఎక్కువ కరిగితే, కాల్షియం కార్బొనేట్ తక్కువ కరుగుతుంది. అందుకే మామూలు కుళాయి కన్నా గీజర్ ముందు దెబ్బతింటుంది. సల్ఫేట్, క్లోరైడ్ రూపాల్లో ఉన్న కాఠిన్యం మాత్రం ఎంత మరిగించినా పోదు.

మరి ఒంటికి హానా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన పరిమితి ఏదీ పెట్టలేదు. పైన లెక్కించిన నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే 160 మిల్లీగ్రాముల కాల్షియం ఒంటికి అందుతుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 1000. పాత్రలో పేరుకున్నట్టే కిడ్నీలోనూ పేరుకుంటుందన్న భయం చాలామందిలో ఉంది. గట్టి నీళ్లు తాగినందువల్లే రాళ్లు వస్తాయని పరిశోధనల్లో రుజువు కాలేదు. నీళ్లు తక్కువ తాగడం మాత్రం తెలిసిన కారణమే. కాబట్టి తెల్ల పొర వస్తువులకు సమస్య, సబ్బు ఖర్చుకు సమస్య, చర్మం పొడిబారే కొందరికి ఇబ్బంది. అంతవరకే.

అసలు ప్రమాదాలు ఏ మరకా వదలవు. ఆర్సెనిక్‌కు, సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. టీడీఎస్ మీటరు నిజానికి నీళ్ల విద్యుద్వాహకతను కొలిచి, దాన్నిబట్టి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. ఇంట్లో వాడే మీటరులో కనిపించే అతి చిన్న మార్పు ఒక మిల్లీగ్రాము. సీసం హద్దుకు పదింతలున్నా దాని అంకె కదలదు. బ్యాక్టీరియా దానికి తెలియనే తెలియదు. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ హద్దు 50. ఇవి దాటినా అంకె చూసి వేరుగా గుర్తుపట్టలేం. నైట్రేట్ గురించి మరో మాట. బోరుకు దగ్గర్లో సెప్టిక్ ట్యాంకులు, ఎరువులు వేసిన పొలాలు ఉన్న శివార్లలో ఇది పెరిగే అవకాశం ఉంది. నెలల పిల్లల్లో ఇది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. నీళ్లు మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నీటి వనరును మార్చి, నది నీళ్లు వాడడం మొదలుపెట్టింది. అంతకుముందు వచ్చిన హ్యూరాన్ సరస్సు నీళ్ల కన్నా ఇవి గట్టివే. కానీ క్లోరైడ్ ఎక్కువ, పైగా పైపుల తుప్పును ఆపే రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం ఇళ్లలోకి చేరింది. 2015 అక్టోబరులో తిరిగి పాత వనరుకు మారే లోపే పిల్లల రక్తంలో సీసం పెరిగింది. ఆ నీళ్లలో ఎంత ప్రమాదం ఉందో కాఠిన్యం అంకె ఒక్క ముక్క కూడా చెప్పి ఉండేది కాదు.

కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించుకునేవాళ్లు దాని పని తెలుసుకోవాలి. అందులోని రెసిన్ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. కాఠిన్యం 300 తగ్గితే లీటరుకు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. బీపీ ఉన్నవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన లెక్క. స్నానానికి, గీజర్‌కు ఆ లైను పెట్టి, తాగే కుళాయిని దానికి కలపకుండా ఉంచడం మంచిది. ఆర్వో నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఎక్కువున్న చోట నిజంగా పనికొస్తుంది. కేవలం కాఠిన్యం కోసం పెట్టి, బోలెడు నీళ్లు డ్రెయిన్‌లోకి వదలడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

క్లోరిన్ వాసనకు చాలామంది మొహం చిట్లిస్తారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పైపు ఎంత పొడవైతే అంత తరిగిపోతుంది, శివారుకు చేరేసరికి ఒక్కోసారి ఏమీ మిగలదు. గంటల లెక్కన నీళ్లు వదిలే చోట, సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. అందుకే కాలనీ సంఘాలు కాఠిన్యంతో పాటు క్లోరిన్, బ్యాక్టీరియా, నైట్రేట్, ఫ్లోరైడ్ పరీక్షలు కూడా అడగాలి. వానలు పడ్డాక మళ్లీ చేయించాలి.

నమూనా తీసే తీరు కూడా ముఖ్యం. బ్యాక్టీరియా పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన) బాటిల్‌నే వాడాలి. కుళాయిని కాసేపు వదిలాక పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు ల్యాబ్‌లో పరీక్ష మొదలయ్యేలా చూడాలి. సీసం పరీక్షకు ఇందుకు విరుద్ధం. కనీసం ఆరు గంటలు ఏ కుళాయీ తిప్పకుండా ఉంచి, తెల్లవారి మొట్టమొదట వచ్చే నీళ్లనే పట్టాలి.