నిప్పులాంటి గొంగళి

చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జిగాడు మునగచెట్టు మాను పట్టుకుంటే గొంగళి పురుగులు తగిలి, రాత్రంతా దురదతో ఏడ్చాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు కాస్త నవ్వొచ్చింది, కోప్పడకండర్రా. మీ వయసులో నాదీ అదే చెట్టు, అదే ఏడుపు.

ఆ గొంగళికి దక్షిణ బ్రెజిల్లో ఓ దూరపు చుట్టం ఉంది. పేరు లోనోమియా ఆబ్లిక్వా. మన తెలంగాణ అడవుల్లో పెంచే దసలి పట్టుపురుగుకైతే ఇంకా దగ్గరిది, రెండిటిదీ ఒకటే కుటుంబం. కానీ దసలి పురుగులా ఒంటి చుట్టూ గట్టి పట్టుగూడు, అదే ‘కాయ’, కట్టడం దీనికి చేతకాదు. ఎండుటాకుల కింద, తడి నేల మీద ప్యూపాగా, అంటే గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య కదలని దశలో, పడి ఉంటుంది.

గొంగళిగా ఉన్నప్పుడే దీని అసలు కథంతా. గుడ్డులోంచి బయటికొచ్చాక సుమారు మూడు నెలలు ఆకులు తిని, చూపుడు వేలంత అవుతుంది. ఒంటి రంగు అచ్చం చెట్టు బెరడే. వీపు నిండా సరుగుడు కొమ్మల్లా పాయలు పాయలుగా ముళ్లు. రాత్రి పైకెక్కి మేస్తుంది. పగలు మాత్రం పదులకొద్దీ మాను మీద గుంపుగా అతుక్కుని పడుకుంటాయి, మన మునగ గొంగళుల్లాగే! అక్కడ చెయ్యి ఆనించారా, ముళ్ల కొనలు విరిగి విషం లోపలికి దిగుతుంది. ముందు మంట. ఆ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. చిగుళ్లలోంచి రక్తం కారుతుంది, మూత్రం ఎర్రగా వస్తుంది, కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అక్కడివాళ్లు ఇలాంటి గొంగళిని ‘తతురానా’ అంటారు. అక్కడి ఆదివాసుల టూపీ భాషలో ‘నిప్పులాంటిది’ అని అర్థమట.

1989 నుంచి ఇలాంటి కేసులు బాగా పెరిగాయి. అడవులు నరికేశాక ఈ పురుగు పీచ్, అవకాడో తోటల్లోకి, అంటే మనుషుల మధ్యకి వచ్చిందని చెబుతారు. విరుగుడు సావో పావులోలోని బుటాంటాన్ సంస్థ తయారుచేసింది. ఎలాగో తెలుసా? ఆ గొంగళి ముళ్లనే కత్తిరించి, వాటి రసాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుర్రం ఒంట్లో విషాన్ని ఎదిరించే పదార్థాలు పుడతాయి. దాని రక్తం తీసి సీరం అనే విరుగుడు మందు చేస్తారు. మన పాముకాటు మందు చేసేదీ ఈ పద్ధతిలోనే.

ఇంత హడావిడి చేసిన పురుగు రెక్కలొచ్చాక చూస్తే జాలేస్తుంది. ఆడది బూడిద రంగులో కాస్త పెద్దది, మగది పసుపు. రెక్కలకు అడ్డంగా ఆకు ఈనెలాంటి గీత ఒకటి, అందుకే వాలితే ఎండుటాకే అనుకుంటాం. ముళ్లు లేవు, తిండి తినడానికి పనికొచ్చే నోరూ లేదు. గొంగళిగా దాచుకున్న కొవ్వుతోనే ఓ వారం బతికి, జతకట్టి, ఆకుల మీద గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

బుజ్జీ, దద్దుర్లు తగ్గాయా? గోకకు. చెన్నూరు వైపు వెళ్లినప్పుడు తెచ్చిన దసలి కాయ ఒకటి నా బీరువాలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు ఇస్తాను, గోటితో నొక్కి చూడు, లొంగుతుందేమో.

మీ తాతయ్య