అదే అచ్చు, అదే కంపెనీ, అయినా అసలుది కాదు

హిట్లర్ కాలపు జర్మన్ సైనిక పతకం నైట్స్ క్రాస్‌ను వెనక్కి తిప్పితే, పై రింగుకు కాస్త కింద, వెండి అంచు మీద "800" అని చిన్న ముద్ర ఉంటుంది. పక్కన "4" కూడా ఉంటే అది లూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హౌయర్ ఉండ్ లూక్ కంపెనీ సరుకని అర్థం. 916 చూసి బంగారం కొనే మనకు ఇక్కడితో పరీక్ష అయిపోయినట్టే అనిపిస్తుంది. వెయ్యికి 800 పాళ్లు వెండి, ముద్ర నిజం, కంపెనీ నిజం. ఇన్ని నిజాలున్నా ఆ పతకం రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన పది పదిహేనేళ్లకు తయారైనది కావచ్చు. నాజీ కాలపు జర్మన్ పతకాల సేకరణలో అసలు తలనొప్పి ఇదే. దొంగచాటుగా పోతపోసే నకిలీలను పట్టుకోవడం తేలిక. అదే ఫ్యాక్టరీ, అదే అచ్చుతో, తర్వాతి కాలంలో కొట్టినదాన్ని పట్టుకోవడమే కష్టం.

ఈ చిక్కు మొదలైంది 1945 తర్వాత కాదు, పతకాలు ఇంకా ఇస్తున్న రోజుల్లోనే. ఐరన్ క్రాస్ నాజీల సృష్టి కాదు. నెపోలియన్ మీద పోరుకు 1813లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం పెట్టినది. 1870లో, 1914లో మళ్లీ తెచ్చారు. 1939 సెప్టెంబర్ 1న, పోలండ్ మీద దాడి మొదలైన రోజే, హిట్లర్ దాని మధ్యలో స్వస్తిక పెట్టి, మెడలో వేసుకునే నైట్స్ క్రాస్ అనే కొత్త తరగతిని కలిపాడు. రెండో తరగతి ఐరన్ క్రాస్‌లు లక్షల్లో పంచారు కాబట్టి వాటికి అరుదు అన్న మాట వర్తించదు. నైట్స్ క్రాస్ పొందినవారు సుమారు 7,300 మంది. దాని పైమెట్లలో వజ్రాల మెట్టు దాకా వెళ్లింది 27 మంది. అంతకన్నా పైవైన బంగారు ఓక్ ఆకులు ఒక్క పైలట్ రూడెల్‌కే, గ్రాండ్ క్రాస్ ఒక్క వైమానిక దళాధిపతి గోరింగ్‌కే దక్కాయి.

అయితే మనిషికి ఒక్క పతకమే ఉండేదనుకుంటే పొరపాటు. ప్రభుత్వం ఇచ్చినదాన్ని భద్రంగా దాచి, రోజూ వేసుకోవడానికి అధికారులు దుకాణంలో ఇంకొకటి కొనుక్కునేవారు. ఈ చిల్లర అమ్మకాలను అదుపులో పెట్టడానికి 1941లో తయారీదారుల సంఘం ఎల్‌డీఓ వచ్చింది. అప్పటినుంచి ఒకే కంపెనీకి రెండు గుర్తులు. బెర్లిన్‌లోని యుంకర్ ప్రభుత్వానికి ఇచ్చే సరుకు మీద "2", దుకాణానికి వెళ్లే సరుకు మీద "L/12". నైట్స్ క్రాస్ చిల్లర అమ్మకాన్ని తర్వాత ఆపేశారు గానీ, అప్పటికే బయటికెళ్లినవి వెళ్లాయి. గ్రహీతల జాబితా కన్నా అసలు పతకాలే ఎక్కువ ఉన్నప్పుడు "ఇన్నెలా వచ్చాయి?" అన్న ప్రశ్న పెద్దగా పనికిరాదు.

1945 మేలో సాల్జ్‌బర్గ్ దగ్గరి క్లెస్‌హైమ్ కోటలో ఎవరికీ ఇవ్వని పతకాల నిల్వ అమెరికన్ సైనికుల చేతికి చిక్కింది. జ్ఞాపికల కోసం సైనికులు ఎగబడ్డారు, ఫ్యాక్టరీ సొరుగుల్లో మిగిలిన విడిభాగాలకు గిరాకీ పుట్టింది. అదే ఏడాది నవంబర్ 30న మిత్రరాజ్యాల నియంత్రణ మండలి 8వ చట్టం ఈ పతకాలు ధరించడాన్ని నిషేధించింది. పదేళ్లకు, 1955లో, పశ్చిమ జర్మనీకి కొత్త సైన్యం ఏర్పడింది. పాత యుద్ధంలో పతకాలు పొందినవారే మళ్లీ యూనిఫాం వేశారు. వాటిని ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబుగా 1957 జూలై 26న చట్టం వచ్చింది: స్వస్తిక తీసేస్తే ధరించవచ్చు. దాంతో పాత కంపెనీలు పాత అచ్చులను చట్టబద్ధంగానే బయటికి తీశాయి.

ఇక్కడ వస్తువును దగ్గరగా చూడాలి. నైట్స్ క్రాస్ మూడు ముక్కల కూర్పు. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దాన్ని రెండు వైపులా పట్టుకునే రెండు వెండి చట్రాలు. చట్రాల అంచులను టంకంతో అతికిస్తారు. 1957 రకంలో మారింది పలక ముందువైపు మధ్యభాగం ఒక్కటే. స్వస్తిక పోయి మూడు ఓక్ ఆకులు వచ్చాయి. కింద 1939, వెనక 1813 అలాగే ఉన్నాయి. అంటే 1957 చట్రంలో స్వస్తిక ఉన్న పలక దూరిస్తే చూపుకు 1939 పతకమే. అందుకే ముందు చూడాల్సింది ముఖం కాదు, పక్క అంచు. పదింతల భూతద్దంలో టంకం గీత పొడవునా తిప్పి చూస్తే, ఒకసారి విప్పి మళ్లీ అతికించినచోట కొత్త టంకం మెరుపు, ఆకురాయి గీతలు దొరుకుతాయి.

రెండోది అచ్చు పగులు. ఉక్కు అచ్చు దెబ్బలు తిని తిని పగిలితే, ఆ పగులు ప్రతి పతకం మీదా ఉబ్బెత్తు గీతగా పడుతుంది. పగులు పెరుగుతుందే గానీ దానంతటది మానదు. స్టైన్‌హౌయర్ చట్రాల పూసల అంచు మీద ఇలాంటి గీతలే ఏళ్ల తరబడి వాదాలు పుట్టించాయి. తర్కం మాత్రం సులువే. 1957 రకం పతకం మీద గీత చిన్నదిగా ఉండి, స్వస్తిక పతకం మీద పెద్దదిగా ఉంటే, రెండోదే తర్వాత కొట్టినది. అచ్చును మధ్యలో బాగుచేసి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి ఒక్క గీతను నమ్ముకుని లక్షలు పోయకూడదు.

అయస్కాంతం పరీక్ష అందరికీ తెలిసిందే. పలక ఇనుపది కాబట్టి అంటుకోవాలి. అంటుకోకపోతే వెంటనే నకిలీ అని తేల్చేయకండి, ఇనుము కాని పలకలు పెట్టిన అసలువీ ఉన్నాయి. రిబ్బన్‌కు అతినీల కాంతి పరీక్ష చేస్తారు. యుద్ధం తర్వాతి దారాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనం నీలంగా మెరుస్తుంది, పాత నూలు మెరవదు. కానీ ఎవరో ఇల్లాలు ఆ రిబ్బన్‌ను సర్ఫ్‌లాంటి పొడిలో ఉతికి ఆరేస్తే అసలుది కూడా మెరుస్తుంది! యుద్ధం చివరి ఏళ్లలో రాగి కొరతతో జింక్‌తో చేసిన బ్యాడ్జీల సంగతి వేరు. పాత రోల్డ్ గోల్డ్ గాజులా పూత పోయి బూడిదరంగు తేలుతుంది. అలాంటి బ్యాడ్జీ కొత్తలా నిగనిగలాడుతుంటేనే అనుమానించాలి.

నాజీ పార్టీ పతకాల్లో పని కొంత నయం, ఎందుకంటే నంబర్ ఉంటుంది. 1933లో పెట్టిన గోల్డ్ పార్టీ బ్యాడ్జీని సభ్యత్వ సంఖ్య లక్షలోపు ఉండి, సభ్యత్వం మధ్యలో తెగనివారికి ఇచ్చారు. రెండు సైజులు, రెండింటి వెనకా అదే సంఖ్య. పార్టీ సభ్యుల కార్డులను 1945లో మ్యూనిక్ దగ్గర ఒక కాగితపు మిల్లుకు గుజ్జు చేయడానికి పంపితే, మిల్లు యజమాని చేయకుండా ఆపాడు. అవి ఇప్పుడు జర్మన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సంఖ్యను బట్టి మనిషి ఎవరో తేల్చవచ్చు. హిట్లర్ స్వయంగా గౌరవార్థం ఇచ్చినవాటి మీద సంఖ్యకు బదులు "A.H." అని, తేదీ ఉంటాయి. కార్డుతో సరిచూసే వీల్లేనివి ఇవే, కాబట్టి నకిలీగాళ్లకు ఇష్టమైనవీ ఇవే.

జర్మనీలో ఈ పతకాలు కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. స్వస్తికను బహిరంగంగా ప్రదర్శిస్తే శిక్షాస్మృతి 86ఎ కింద 3 ఏళ్ల వరకు జైలు లేదా జరిమానా. పరిశోధన, బోధన, చరిత్ర లాంటివాటికి మినహాయింపు ఉంది. అందుకే అక్కడి వేలం కేటలాగుల్లో ఆ గుర్తును కప్పి ముద్రిస్తారు, పాడేవాళ్లతో ఆ అవసరాలకే కొంటున్నామని హామీ తీసుకుంటారు. ఫ్రాన్స్‌లో 2000లో నాజీ వస్తువుల వేలం గురించి యాహూ మీద నడిచిన కేసు తర్వాత పెద్ద ఆన్‌లైన్ వేలం సైట్లు ఈ సరుకుకు తలుపులు మూశాయి. వ్యాపారం ఆగలేదు, వేలం సంస్థలకూ సంతలకూ మళ్లింది.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1942లో సుభాష్ చంద్ర బోస్ జర్మనీలో ఉండగా ఆజాద్ హింద్ పతకాలు స్థాపించారు. హైదరాబాదీ ఆబిద్ హసన్ అప్పుడు ఆయన వెంటే ఉన్నారు. షేర్-ఇ-హింద్, సర్దార్-ఇ-జంగ్, వీర్-ఇ-హింద్ వగైరా తరగతులు, కత్తులతో, కత్తులు లేకుండా. వీటిని తయారుచేసింది వియన్నాలోని రుడోల్ఫ్ సూవాల్. యుద్ధం తర్వాత కూడా ఇవి మార్కెట్లోకి వచ్చాయి. ఇచ్చినవి కొద్ది, తిరుగుతున్నవి చాలా. వీటి మీద స్వస్తిక లేదు, కాబట్టి మార్చాల్సిన పలకా లేదు, అతుకు వెతికే అవకాశమూ లేదు. ఇక నమ్మాల్సింది పతకంతోపాటు వచ్చే కాగితాన్నే: ప్రదాన పత్రం, బోస్ జర్మనీలో కూర్చిన ఇండియన్ లీజియన్ దళంలోని సైనికుడి సేవా పుస్తకంలో నమోదు, లేదా వేసుకున్న నాటి ఫోటో. పెట్టె, రిబ్బన్ మాత్రమే చూపించి "మా తాతగారిది" అంటే, యుద్ధం తర్వాతి ప్రతికి ఎంత ఇస్తారో అంతకే బేరమాడాలి.