బడి నల్లా ఎవరి పద్దు?

మహిళా సర్పంచులకు శిక్షణ ఇచ్చే ప్రతి హాల్లోనూ ఇదే మాట. "బడి ఖర్చు మాది కాదు మేడమ్, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చూసుకుంటది."

టీచర్ పోస్టులు, జీతాల వరకు నిజమే, అవి రాష్ట్ర ప్రభుత్వానివి. కానీ పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితా, రాజ్యాంగం 11వ షెడ్యూలు తీయండి, 17వ అంశం విద్యే, ప్రాథమిక బడులతో సహా. 2021-26కు పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. బడి నల్లాలో వచ్చేది తాగునీరు కాదా? బడి మరుగుదొడ్డి పారిశుద్ధ్యం కాదా? ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా (బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం) గ్రాంటు ఏడాదికి 10,000 రూపాయలు. దాంతో హెచ్.ఎం. సారు సుద్దముక్కలు కొంటారా, పైపులైను వేయిస్తారా?

షరతు ఒక్కటే, పని జీపీడీపీలో, అంటే గ్రామ పంచాయతీ ఏటా వేసుకునే అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి. గ్రామసభలో అడగకపోతే ఆ ఏడాది పోయినట్టే.

"ఆడిట్‌లో రికవరీ పడి, ఆ డబ్బు నేనే కట్టాల్సి వస్తే?" అని అడిగేవాళ్ల భయం నాకు తెలుసు, పుస్తెలు తాకట్టు పెట్టి పోటీ చేసినవాళ్లను చూశాను. తీర్మానం, ఎస్టిమేటు, ఎంబీ (చేసిన పని కొలతల పుస్తకం) రికార్డు సరిగ్గా ఉంటే నిశ్చింతగా పడుకోండి. నిద్ర పట్టకూడని సంగతి వేరే ఉంది: బిల్లులపై మీ డిజిటల్ సంతకం పెట్టే కీ మీ ఆయన జేబులో ఉండటం. బిల్లు ఆయన పాస్ చేసినా సంజాయిషీ మీ పేరు మీదే వస్తుంది.

"ఆడవాళ్లు గెలిస్తే బడికి డబ్బు దానంతటదే పెరుగుతుంది." పెరగదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై 2004లో వచ్చిన అధ్యయనంలో మహిళలున్నచోట పెరిగింది ముఖ్యంగా తాగునీటి పనులు. అయితే బెంగాల్‌లోని బీర్భూంలో వరుసగా రెండుసార్లు మహిళే ప్రధాన్ (అక్కడి సర్పంచ్) అయిన ఊళ్లలో చదువులో ఆడపిల్లలు మగపిల్లలను అందుకున్నారని 2012లో తేలింది. కుర్చీలో ఆడమనిషిని చూడటమే కారణమన్నారు పరిశోధకులు.

"ఆడవాళ్లకు 33 శాతం రిజర్వేషన్ వచ్చింది కదా?" 2023 చట్టం లోక్‌సభకు, అసెంబ్లీలకు. పంచాయతీల్లో మనకు 50 శాతం ఎప్పటినుంచో ఉంది.

ఒకసారి భోజనాల వేళ ఒక సర్పంచమ్మ పక్కకు పిలిచింది. హాల్లో వెనక వరుసలో భర్త ఉన్నాడు మరి. "మధ్యాహ్నం ఇంటికి పోయిన ఆడపిల్లలు మళ్లీ బడికి రారు మేడమ్. దొడ్డికి నీళ్లు లేవు. మా ఆయనేమో సీసీ రోడ్డే రాయించమంటడు."

ట్యాంకు ఎంత దూరమని అడిగాను.

"బడి గోడకు ఆనుకునే ఉంది."